హైదరాబాద్–విశాఖపట్నం: దూరం ఎంత, సమయం ఎంత, ఏ ప్రయాణం ఎవరికి తగినది

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం ఎంత దూరమని అడిగితే మూడు జవాబులు వస్తాయి, మూడూ నిజమే. శంషాబాద్ విమానాశ్రయానికీ విశాఖ విమానాశ్రయానికీ మధ్య ఆకాశంలో సూటిగా గీత గీస్తే సుమారు 510 కిలోమీటర్లు. విజయవాడ మీదుగా రోడ్డున వెళితే 620 కిలోమీటర్లు దాటుతుంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట, విజయవాడల మీదుగా నడిచే రైలుకు 699 కిలోమీటర్లు. ఒకే జత నగరాల మధ్య ఇంత తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే, ఏ ప్రయాణానికి ఎంత సమయం పడుతుందో, అందులో ఎంత మనకు మిగులుతుందో అంచనా వేయడం తేలికవుతుంది.

పటం చూస్తే విషయం వెంటనే బోధపడుతుంది. ఈ రెండు నగరాలూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. వాటిని కలిపే సూటి గీత కొత్తగూడెం, మారేడుమిల్లి పరిసరాల మీదుగా, తూర్పు కనుమల అడవులనూ గోదావరి లోయనూ దాటుకుంటూ పోతుంది. ఆ కొండల్లోంచి ప్రధాన రైలు మార్గం ఏదీ లేదు. అందువల్ల రైలైనా, పాత జాతీయ రహదారి అయినా ముందు ఆగ్నేయంగా కృష్ణా తీరంలోని విజయవాడకు దిగి, అక్కడి నుంచి సముద్రతీరానికి సమాంతరంగా ఈశాన్యానికి తిరగవలసిందే. విజయవాడ నుంచి విశాఖకు మళ్లీ 350 కిలోమీటర్లు. అంటే భూమి మీద వెళ్లేవారు త్రిభుజంలో రెండు భుజాలు నడుస్తారు, విమానం మూడో భుజం మీదుగా పోతుంది.

విమానం గంటంపావు అన్న మాటకు అర్థం

విమానయాన సంస్థలు ఈ మార్గానికి చూపించే సమయం సాధారణంగా గంటా పది నిమిషాల నుంచి గంటన్నర లోపు ఉంటుంది. ఇది గాలిలో ఉండే సమయం మాత్రమే కాదు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, గమ్యంలో మళ్లీ నిలిచి చక్రాలకు అడ్డు పెట్టే వరకు లెక్కించే కాలాన్ని బ్లాక్ టైమ్ అంటారు; టికెట్ మీద కనిపించేది అదే. శంషాబాద్‌లో రన్‌వే దాకా నెమ్మదిగా దొర్లే సమయం, ముందున్న విమానాల వెనుక వేచి ఉండే సమయం కూడా అందులోనే కలిసి ఉంటాయి. ఇంత తక్కువ దూరంలో ఎయిర్‌బస్ ఏ320 వంటి జెట్ విమానం నేల నుంచి పైఎత్తుకు చేరడానికి సుమారు ఇరవై నిమిషాలు, కిందికి దిగడానికి దాదాపు అంతే తీసుకుంటుంది కనుక పూర్తి వేగంతో సమంగా ఎగిరేది మధ్యలో కాసేపే. ఆ కొద్దిసేపు గంటకు 800 కిలోమీటర్లకు పైగా వేగం అందుకున్నా, 510 కిలోమీటర్లను గంటంపావుతో భాగిస్తే వచ్చే సగటు వేగం 408 మాత్రమే. ఏటీఆర్ 72 రకం పంఖాల విమానం అయితే గరిష్ఠ వేగమే గంటకు 500 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఈ దూరంలో జెట్‌తో పోలిస్తే పోయే సమయం పావుగంట నుంచి ఇరవై నిమిషాలే. టికెట్ ధర తక్కువగా కనిపిస్తే, ఆ కొద్ది నిమిషాల కోసం దాన్ని వదులుకోనవసరం లేదు.

వెళ్లేటప్పటి సమయానికీ వచ్చేటప్పటి సమయానికీ చిన్న తేడా కనిపిస్తే ఆశ్చర్యపడకండి. శీతాకాలంలో పైఎత్తుల్లో గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి కనుక విశాఖకు వెళ్లే విమానాన్ని అవి వెనుక నుంచి తోస్తాయి, తిరుగు విమానానికి ఎదురవుతాయి. ఇంత చిన్న మార్గంలో ఆ తేడా కొన్ని నిమిషాలకు మించదు.

అసలు సమయం పోయేది నేల మీదే. కూకట్‌పల్లిలో ఉండే కుటుంబాన్ని ఉదాహరణకు తీసుకుందాం. అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ చేరడానికి గంటంపావు. దేశీయ విమానాలకు సామాను అప్పగించే కౌంటర్లు సాధారణంగా బయలుదేరే సమయానికి గంట ముందే మూసేస్తారు, గేటును 25 నిమిషాల ముందు మూసేస్తారు. కాబట్టి పెట్టెలు అప్పగించేవారు గంటన్నర నుంచి రెండు గంటల ముందు అక్కడ ఉండడమే క్షేమం. ప్రయాణం గంటంపావు. దిగాక బస్సులోనో నడిచో లోపలికి వచ్చి, పెట్టె అందుకుని, వాహనం ఎక్కేసరికి అరగంట. విశాఖ విమానాశ్రయం ఎన్‌ఏడీ కూడలికి దగ్గరలో, నగరం అంచునే ఉంది కనుక సీతమ్మధారకో ఎంవీపీ కాలనీకో నలభై నిమిషాల్లో చేరవచ్చు. మొత్తం కలిపితే ఐదు గంటలు దాటుతుంది. చేతి సంచీ ఒక్కటే ఉండి, ముందే బోర్డింగ్ పాస్ తీసుకుని, శంషాబాద్‌లో ముఖాన్ని గుర్తించి పంపే డిజియాత్ర దారిలో లోపలికి వెళ్లేవారు ఇందులోంచి నలభై నిమిషాల వరకు తగ్గించుకోగలరు. శంషాబాద్‌కు దగ్గరగా అత్తాపూర్‌లోనో రాజేంద్రనగర్‌లోనో ఉండేవారికి మరో ముప్పావుగంట ఆదా అవుతుంది. అదే మేడ్చల్ వైపు, ఈసీఐఎల్ వైపు ఉండేవారికి రాకపోకల ఒత్తిడి ఉన్న సాయంత్రం లెక్క మరింత పెరుగుతుంది. మెట్రో రైలు శంషాబాద్ వరకు లేదు. పుష్పక్ బస్సులున్నాయి, అయితే తెల్లవారుజామున వెళ్లవలసినవారు తమ వీధికి దగ్గరలోని స్టాపులో ఆ వేళకు బస్సు ఉందో లేదో ముందురోజే చూసుకోవాలి.

విశాఖ వైపు మరో విషయం గమనించాలి. ఇప్పటివరకు పౌర విమానాలు దిగుతూ వచ్చిన మైదానం నావికాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగ. నావికాదళ అవసరాలకు అక్కడ ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి విమానాల వేళలు మన ఇష్టం వచ్చినట్లు దొరకవు. దీనికి బదులుగా నిర్మిస్తున్న అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం విజయనగరం జిల్లా భోగాపురంలో, నగరం నుంచి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. విమానాలు అక్కడికి మారితే పైన వేసిన లెక్క తలకిందులవుతుంది: విజయనగరం, శ్రీకాకుళం వెళ్లేవారికి అది ఇంటి పక్కకు వచ్చినట్లే, గాజువాక, కూర్మన్నపాలెం వాసులకు మాత్రం నగరమంతా దాటి పోవలసిన దూరం. అందుకే టికెట్ కొనేటప్పుడు గమ్యం పేరు విశాఖపట్నం అని చూసి ఊరుకోకుండా, దిగేది ఏ విమానాశ్రయంలోనో కూడా చదవండి.

రైలు: పగలా, రాత్రా

రైలు విషయంలో నేను మొదట అడిగే ప్రశ్న ఎన్ని గంటలు పడుతుందని కాదు, ఆ గంటల్లో ఎన్ని నిద్రలో గడుస్తాయని. 2023 జనవరి 15న, సంక్రాంతి నాడు, సికింద్రాబాద్–విశాఖ మధ్య మొదటి వందే భారత్ మొదలైంది; 2024 మార్చిలో రెండోది వచ్చింది. ఒకటి పొద్దున్నే విశాఖ నుంచి బయలుదేరి మధ్యాహ్నం తిరుగుముఖం పడుతుంది, మరొకటి పొద్దున్నే సికింద్రాబాద్ నుంచి బయలుదేరుతుంది. 699 కిలోమీటర్లకు సుమారు ఎనిమిదిన్నర గంటలు, అంటే గంటకు సగటున 82 కిలోమీటర్లు. రెండింటికీ వారంలో ఒకరోజు విరామం ఉంటుంది. ఇందులో ఉన్నవన్నీ కుర్చీ పెట్టెలే. పడుకునే వీలు లేదు. నడుం నొప్పి ఉన్న పెద్దవారిని ఎనిమిదిన్నర గంటలు కూర్చోబెట్టే ముందు ఆలోచించాలి. పని చేసుకునేవారికి, చదువుకునేవారికి, కిటికీలోంచి గోదావరి చూడాలనుకునే పిల్లలకు మాత్రం ఇది హాయైన పగటి ప్రయాణం. వరంగల్, ఖమ్మం, రాజమండ్రి వంటి మధ్య ఊళ్ల వారికి విమానం అసలు పోటీయే కాదు. ఖమ్మం నుంచి శంషాబాద్ దాకా వెనక్కి వచ్చి విశాఖకు ఎగిరేలోగా రైలు విశాఖలో ఉంటుంది.

రాత్రి బండ్లది వేరే లెక్క. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచి నడుస్తున్న బండి. 2024 ఫిబ్రవరితో దానికి యాభై ఏళ్లు నిండాయి. ఇన్ని తరాలు దాన్ని పట్టుకుని వేలాడడానికి కారణం దాని వేగం కాదు, దాని వేళ. సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో నాంపల్లిలో ఎక్కినవారు తెల్లవారి ఆరు గంటల ప్రాంతంలో విశాఖలో దిగుతారు. దాదాపు పదమూడు గంటల ప్రయాణమే, కానీ అందులో ఏడెనిమిది గంటలు ఇంట్లో ఉన్నా పడుకునేవే. ఒక రాత్రి హోటల్ అద్దె కూడా తప్పుతుంది. పది గంటలకు విశాఖలో సమావేశం ఉన్నవారు పొద్దుటి విమానానికి మూడున్నరకు లేచి, నిద్ర చాలని కళ్లతో చేరడం కన్నా, ఏసీ మూడో తరగతి బెర్తులో పడుకుని చేరడం మేలని నా గట్టి అభిప్రాయం. బెర్తు ఖాయమై ఉండాలన్నదొక్కటే షరతు. ఆర్‌ఏసీలో సగం బెర్తు మీద కూర్చుని వెళ్లే రాత్రికి ఈ వాదన వర్తించదు.

అన్ని రైళ్లూ ఒకే దారిన పోవు. విశాఖ ఎక్స్‌ప్రెస్ నల్గొండ, గుంటూరుల మీదుగా వెళుతుంది. ఆ దారి కిలోమీటర్లలో కాజీపేట దారి కన్నా తక్కువే, కాని బీబీనగర్–గుంటూరు మధ్య చాలాకాలం ఒకే పట్టా ఉన్నందున ఎదురొచ్చే బండి కోసం ఆగవలసి రావడంతో సమయం ఎక్కువయ్యేది. డబ్లింగ్ పనులు ముగిసేకొద్దీ ఇది మారుతుంది. తక్కువ దూరమే తక్కువ సమయం కాదనడానికి ఈ దారి మంచి ఉదాహరణ. స్టేషన్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో ప్రారంభమయ్యాక కొన్ని రైళ్లు సికింద్రాబాద్‌కు రాకుండా అక్కడి నుంచే నడుస్తున్నాయి. మియాపూర్, చందానగర్ వైపు వారికి లింగంపల్లి వరకు వచ్చే జన్మభూమి ఎక్స్‌ప్రెస్ దగ్గరవుతుంది. అటు విశాఖలో స్టేషన్ ఊరి లోపలికి చొచ్చుకుని ఉంటుంది, ముందుకు పోవాలంటే బండి దిశ మార్చుకోవాలి. ఆ ఆలస్యం తప్పించుకోవడానికి కొన్ని దూరప్రాంతపు రైళ్లు విశాఖ లోపలికి రాకుండా దువ్వాడ దగ్గరే ఆగి వెళ్లిపోతాయి. గాజువాక, ఉక్కునగరం వారికి దువ్వాడే సౌకర్యం. బీచ్ రోడ్డు వైపు వెళ్లేవారికి అక్కడి నుంచి మళ్లీ ముప్పావుగంట దారి.

రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. 2024 నవంబరుకు ముందు ఇది 120 రోజులుగా ఉండేది. పండగ బండ్లకు మొదటి రోజు మొదటి నిమిషాల్లోనే బెర్తులు అయిపోతాయి కనుక, ప్రయాణం తేదీ తెలిసిన వెంటనే వెనక్కి అరవై రోజులు లెక్కపెట్టి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. తత్కాల్ ముందురోజు ఉదయం 10 గంటలకు ఏసీ తరగతులకు, 11 గంటలకు మిగిలిన వాటికి.

రోడ్డు దారి

బస్సుకు పన్నెండు గంటలు, అటూ ఇటూగా. సొంత కారుకు ఆగుతూ వెళితే పది నుంచి పదకొండు గంటలు. హైదరాబాద్ నుంచి విజయవాడ వరకు 65వ నంబరు జాతీయ రహదారి, అక్కడి నుంచి విశాఖ వరకు 16వ నంబరు. సూర్యాపేట దగ్గర ఎడమకు తిరిగి ఖమ్మం మీదుగా గోదావరి జిల్లాలకు చేరే దారి దూరాన్ని తగ్గిస్తుంది. ఖమ్మం నుంచి దేవరపల్లి వరకు సుమారు 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ రహదారిని తలపెట్టింది కూడా ఇందుకే. విజయవాడ వెళ్లనవసరం లేనివారు ఆ దారి మీద ఒక కన్ను వేసి ఉంచాలి.

నలుగురు కలిసి వెళుతున్నప్పుడు, దారిలో అన్నవరంలో దర్శనం చేసుకోవాలనుకున్నప్పుడు, విశాఖ నుంచి అరకు, లంబసింగి తిరగాలనుకున్నప్పుడు కారు అర్థవంతమైన ఎంపిక. ఒక్కరే నడుపుతూ ఒక్క రోజులో వెళ్లి మరుసటి రోజు తిరిగి రావాలనుకోవడాన్ని మాత్రం నేను ఎవరికీ సలహాగా చెప్పను. పన్నెండు వందల కిలోమీటర్లు రెండు రోజుల్లో ఒకే మనిషి నడిపితే, చివరి వంద కిలోమీటర్లలో కళ్లు మూతపడతాయి. ఆ సమయానికి దారి చీకటిగా ఉంటుంది, పక్కన లారీలుంటాయి. కనీసం ఇద్దరు నడిపేవారు ఉండాలి, లేదా రాజమండ్రిలోనో విజయవాడలోనో ఒక రాత్రి ఆగాలి.

బస్సు గొప్పతనం ఒక్కటే, అది చివరి గడియ దాకా దొరుకుతుంది. అయితే సంక్రాంతి ముందు మూడు రోజులు ఆ గొప్పతనం కూడా ఉండదు. పంతంగి టోల్ ప్లాజా దగ్గర కార్ల వరుసలు కిలోమీటర్ల పొడవున నిలిచిపోతాయి, ఆ వెనుక కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాలు ఉన్నాయి. ఆ రోజుల్లో పన్నెండు గంటల లెక్క పదిహేనుకు, ఇంకా పైకి కూడా పోవచ్చు.

వర్షం, తుపాను, పొగమంచు

సమయం లెక్క వేసేటప్పుడు మంచి రోజును ఊహించుకోవడం అందరూ చేసే పొరపాటు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల వానలకు మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి, కాజీపేట–విజయవాడ మార్గంలో రోజుల తరబడి రాకపోకలు ఆగిపోయాయి. అప్పుడే మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి మునిగింది. ఒకేసారి రైలూ రోడ్డూ రెండూ తెగిపోయినప్పుడు మిగిలిన దారి ఆకాశమే. అలాగని విమానం అన్ని వేళలా అండగా ఉంటుందనీ చెప్పలేము: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం పైకప్పే లేచిపోయి, విమానాలు కొన్ని రోజులు నిలిచిపోయాయి. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఖమ్మం, కృష్ణా వాగుల వార్తలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతం వార్తలు చూసి బయలుదేరడం ఈ దారిలో తిరిగేవారికి అలవాటు కావాలి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాము విమానాలకు పొగమంచు ఆలస్యాలు ఉంటాయి కనుక, ఆ నెలల్లో తప్పనిసరి పని ఉన్నవారు మొదటి విమానానికి బదులు ముందురోజు సాయంత్రం వెళ్లడం నయం.

ఒకసారి నేనే బంధువుల ఇంట రాత్రి పెళ్లికి సాయంత్రం విమానం పెట్టుకున్నాను. అది మూడు గంటలు ఆలస్యమై, ముహూర్తం దాటాక మండపం చేరాను. ఆ రోజు పొద్దుటి వందే భారత్ ఎక్కి ఉంటే మధ్యాహ్నానికే అక్కడ ఉండేవాణ్ణి. ముహూర్తమో, పరీక్షో, కోర్టు వాయిదానో ఉన్నప్పుడు వేగమైన దాని కన్నా, తప్పిపోతే వెనుక మరొకటి మిగిలి ఉండేదాన్ని ఎంచుకోవాలని అప్పటి నుంచి పాటిస్తున్నాను. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే, నిబంధన ప్రకారం టీడీఆర్ అనే వాపసు దరఖాస్తు పెట్టి పూర్తి డబ్బు వెనక్కి పొందవచ్చు. ఇంత చిన్న మార్గంలో విమానం రెండు గంటలకు మించి ఆలస్యమైతే, సమయానికి చేరుకున్న ప్రయాణికులకు తిండి, పానీయాలు ఇవ్వడం సంస్థ బాధ్యత. ఆరు గంటలు దాటుతుందని తెలిస్తే వేరే విమానమో పూర్తి సొమ్మో అడగవచ్చు. అడగకపోతే ఎవరూ తెచ్చి ఇవ్వరు, కాబట్టి అడగండి.

ఎవరు ఏది ఎంచుకోవాలి

ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి రావలసినవారికి విమానం తప్ప దారి లేదు. గుండె జబ్బు ఉన్నవారిని, శస్త్రచికిత్స అయినవారిని తీసుకెళుతున్నా, వైద్యులు సమ్మతిస్తే తక్కువ గంటలు కూర్చునే విమానమే మేలు. చక్రాల కుర్చీ కావాలని టికెట్ కొనేటప్పుడే రాయించాలి. రెండు పూటల పని ఉన్న ఒంటరి ప్రయాణికునికి వెళ్లేటప్పుడు రాత్రి రైలు. పిల్లలతో, ఆరేడు పెట్టెలతో, పచ్చడి జాడీలతో వెళ్లే కుటుంబానికి కూడా రైలే. విమానంలో మామూలు టికెట్‌కు మనిషికి 15 కిలోల పెట్టె, 7 కిలోల చేతి సంచీ దాటితే కిలో చొప్పున డబ్బు కట్టాలి, పచ్చడి చేతి సంచీలో వెళ్లనివ్వరు. చదువుకునే పిల్లలకు, ఒకరిద్దరు స్నేహితులకు, ముందుగా అనుకోని ప్రయాణానికి బస్సు.

ధర విషయంలో ఒక్క మాట చాలు. రైలు ఛార్జీ చాలావరకు స్థిరం, విమానం ధర తేదీని బట్టి, సీట్లను బట్టి మారుతుంది. నెల ముందు మంగళవారానికి కొన్నదానికీ పండగ ముందురోజుకు కొన్నదానికీ ఎన్నో రెట్ల తేడా రావచ్చు. టికెట్ ధరతో పాటు శంషాబాద్‌కు క్యాబ్ ఖర్చునూ కలిపి చూడండి, ఎందుకంటే ఒక్కరే వెళ్లే ప్రయాణంలో అది కొన్నిసార్లు స్లీపర్ టికెట్ ధరను మించిపోతుంది.

రానుపోను రెండూ ఒకే విధంగా ఉండాలన్న నియమం ఏదీ లేదు. నేను ఎక్కువగా శుక్రవారం రాత్రి బండిలో విశాఖ వెళ్లి, ఆదివారం సాయంత్రం విమానంలో తిరిగి వస్తాను. వెళ్లేటప్పుడు నిద్రలో దూరం గడుస్తుంది. వచ్చేటప్పుడు మధ్యాహ్నం దాకా ఇంట్లో వారితో కూర్చుని భోంచేసి, నాలుగు గంటలకు బయలుదేరినా పది లోపు హైదరాబాద్ ఇంటికి చేరతాను, సోమవారం ఆఫీసుకు అలసట ఉండదు. రెండు వేర్వేరు టికెట్లు ముందే కొని పెట్టుకోవాలి, అంతే. ఆదివారం సాయంత్రపు విమానాన్ని మొదట కొని, దాన్ని బట్టి రైలు చూసుకోండి, ఎందుకంటే ధర ముందుగా పెరిగేది దానికే.